మేనత్త ఏ జబ్బుతో పోయింది?

అమెరికాలో కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళిన తెలుగమ్మాయి చేతిలో ముందు ఒక ఫారం పెడతారు. షుగరు, బీపీ, ఎలర్జీలు అన్నీ అయ్యాక కింద ఎక్కడో రెండు ప్రశ్నలుంటాయి. మీ కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా? మీ పూర్వీకుల్లో అష్కెనాజీ యూదులు ఉన్నారా? రెండో ప్రశ్నకు నవ్వొస్తుంది. హనుమాన్ జంక్షన్ పక్కన పుట్టిన పిల్లకి యూదులతో ఏం చుట్టరికం? మొదటి ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను కదలదు. ఆ రాత్రి, ఇక్కడ కాఫీల వేళకి, బాపులపాడుకు ఫోను.

“అమ్మా, నాన్న వాళ్ళ అక్క, పెద్దత్త, ఏ జబ్బుతో పోయింది?”

“ఇప్పుడవన్నీ ఎందుకే? కడుపులో గడ్డ అన్నారు. గుంటూరు తీసుకెళ్ళారు. ఆర్నెల్లు కూడా లేదు పాపం.”

“అప్పటికి ఎన్నేళ్ళుంటాయి?”

“మీ బావ టెన్త్ చదువుతున్నాడు. నలభై దాటాయో లేదో. అయినా అది మీ నాన్న వైపు కదా. ఆడవాళ్ళ జబ్బు అటు నుంచి నీకెట్లా వస్తుంది?”

ఈ మాటలు నేను అల్లినవే. అయితే పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు వీరవల్లిలో ఉన్నా ఉయ్యూరులో ఉన్నా, ఈ ఫోను ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. వంశంలో వచ్చే జబ్బుల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ అక్కడ కూర్చుని వింటే ఒక్క ముక్క కూడా వదలదు. కడుపులో గడ్డ అంటే అండాశయానిది అయ్యుండొచ్చు. నలభైల్లోనే రావడం మామూలు విషయం కాదు. ఇక “నీకెట్లా వస్తుంది” అన్న దగ్గర ఆ తల్లిని ఆపి మరీ చెబుతుంది.

ఎందుకంటే బీఆర్‌సీఏ1 అనే జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఉంటుంది, బీఆర్‌సీఏ2 పదమూడో దాని మీద. రెండూ ఆడా మగా అందరికీ జంటగా ఉండే క్రోమోజోములే. తండ్రి దగ్గరున్న రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే, కొడుక్కైనా కూతురికైనా అది చేరే అవకాశం సగానికి సగం. తండ్రికి జీవితమంతా ఏమీ కాకపోవచ్చు. ఆయనకిద్దరూ అన్నదమ్ములే ఉంటే లోపం ఆ తరంలో అసలు బయటపడకపోవచ్చు. మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. పెళ్ళై వెళ్ళిన ఆడపడుచుకి ఇంటిపేరు మారుతుంది. ఆమె జబ్బు అత్తవారింటి ఖాతాలో పడుతుంది. పుట్టింటి లెక్కల్లో “మనింట్లో ఎవరికీ లేదు” అనే ఉంటుంది.

ఈ జన్యువులు చేసే పని మరమ్మతు. కణంలో డీఎన్‌ఏ పోగులు రెండూ తెగినప్పుడు వాటిని తప్పు లేకుండా అతికించే బృందంలో ఈ రెండు ప్రొటీన్లూ ఉంటాయి. ఒక ప్రతి పుట్టుకతోనే పాడైపోయి ఉంటే రెండోది నెట్టుకొస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా పోయిన రోజు అక్కడ తప్పులు పేరుకుపోవడం మొదలవుతుంది. 2017లో వేలమంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి తేల్చిన లెక్క ప్రకారం, బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవారిలో ఎనభై ఏళ్ళు వచ్చేలోగా 72 శాతం మందికి రొమ్ము క్యాన్సర్, 44 శాతం మందికి అండాశయ క్యాన్సర్ వస్తాయి. బీఆర్‌సీఏ2 అయితే 69, 17. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి పదింట ఒకటికి మించవు. మిగతా వాటికి మేనత్తలతో పనిలేదు.

వంశంలో వచ్చే రొమ్ము క్యాన్సర్ ఉందని పారిస్ సర్జన్ పాల్ బ్రోకా 1866లోనే తన భార్య వైపు నాలుగు తరాల వివరాలు రాసి చూపించాడు. నమ్మినవాళ్ళు తక్కువ. అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1970ల నుంచి దాని వెంటపడింది. జబ్బు ఎక్కువగా కనిపించిన 23 కుటుంబాలను ఆమె బృందం పరీక్షించింది. అన్నిటినీ కలిపి చూస్తే ఏమీ తేలలేదు. జబ్బు చిన్న వయసులో వచ్చిన కుటుంబాలను ముందు పెట్టి చూసేసరికి ఆ జాడ పదిహేడో క్రోమోజోము మీద తేలింది. అది 1990. “ఎన్నేళ్ళుంటాయి” అని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఉత్త కుతూహలం కాదు, ఈ జన్యువును పట్టిచ్చింది ఆ ప్రశ్నే. నాలుగేళ్ళకి, 1994లో, జన్యువే చేతికి దొరికింది.

ఇక యూదుల సంగతి. బీఆర్‌సీఏ1 మొదట్లోనే ఒకచోట ఏ, జీ, ఏ, జీ అని నాలుగు అక్షరాలు వరసగా ఉంటాయి. ఒకే జత రెండుసార్లు వచ్చేచోట నకలు తీసే యంత్రాంగం జారిపడటం తేలిక. ఒక ఏజీ జారిపోయిందా, ఇరవై రెండో అమైనో ఆమ్లం దాకా సరిగ్గా నడిచిన రాత అక్కడి నుంచి అర్థం లేనిదై, ముప్ఫై తొమ్మిదో చోట ఆగిపోతుంది. 1,863 అమైనో ఆమ్లాల ప్రొటీన్ అది. దీన్ని 185డెల్‌ఏజీ అంటారు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో నూటికి దాదాపు ఒకరిలో ఇది ఉందని 1995లో తేలింది. ఇంకో రెండు లోపాలు కూడా కలిపితే నలభై మందిలో ఒకరు. మామూలు జనాభాలో ఈ రెండు జన్యువుల లోపాలన్నీ కలిపినా కొన్ని వందల మందికి ఒకరు.

కారణం నూజివీడు తోటల్లో కనిపిస్తుంది. ఇక్కడ చిన్న రసమైనా బంగినపల్లైనా టెంక పాతి పెంచరు, అంటు కడతారు. మంచి చెట్టు కొమ్మే వెయ్యి తోటల్లో పాకుతుంది కాబట్టి దాని తీపితో పాటు దానికున్న బలహీనత కూడా వెయ్యి తోటల్లోకీ వెళుతుంది. మనుషులు అంట్లు కారు, ప్రతి బిడ్డా ఇద్దరి కలయిక. కానీ కొద్దిమంది సంతానం తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగితే ఫలితం ఆ దారికి దగ్గరగానే వస్తుంది. ఈనాటి కోటిమంది అష్కెనాజీల వంశం ఆరేడు వందల ఏళ్ళ కిందట సుమారు 350 మంది దాకా కుంచించుకుపోయిందని జన్యు లెక్కలు చెబుతున్నాయి. ఆ గుప్పెడు మందిలో ఉన్న లోపాలు ఇప్పుడు లక్షల మందిలో ఉన్నాయి.

పరీక్ష అందుబాటులోకి రాగానే యూదు స్త్రీల ముందుకు కౌన్సెలర్లు వచ్చారు. వాళ్ళ చదువు వాళ్ళకి ఒకటి నేర్పింది: శాతాలు చెప్పండి, మార్గాలు చెప్పండి, “ఇది చెయ్యండి” అని మాత్రం అనకండి, నిర్ణయం ఆమెది. మంచి ఉద్దేశమే. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం చాలాసార్లు “మీరే నా చోట ఉంటే ఏం చేస్తారు?” అని అడిగేది. శాతాలు ఆమెకు అక్కర్లేదని కాదు. ఎనభై ఏళ్ళ నాటి 72 శాతం కన్నా, పదేళ్ళ కూతురికి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలన్నది ఆమెకు పెద్ద ప్రశ్న, మొదటి భయం కూడా అదే. పరీక్ష ఎందుకు చేయించుకుంటున్నారని అడిగిన అధ్యయనాల్లో పదేపదే కనిపించే జవాబు పిల్లల కోసం, అక్కచెల్లెళ్ళ కోసం అనే. 

రోషెల్ షోరెట్జ్ అనే న్యూజెర్సీ న్యాయవాది కథ ఇక్కడ చెప్పాలి. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ దగ్గర పనిచేసిన మనిషి. 28 ఏళ్ళకే, చిన్నపిల్లల తల్లిగా ఉండగా, రొమ్ము క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లకు కొదవ లేదు. ఆమె వెతుక్కున్నది తన వయసుదే, తనలాగే పిల్లలున్న ఇంకో యూదు స్త్రీని. జుట్టు రాలిపోతున్నప్పుడు పిల్లలకి ఏం చెప్పావు అని అడగడానికి. 2001లో ఆమె షార్షెరెత్ అనే సంస్థను పెట్టింది. ఒకే కష్టంలో ఉన్న స్త్రీలను ఫోనులో కలపడం దాని మొదటి పని. షోరెట్జ్ 2015లో 42 ఏళ్ళకు చనిపోయింది. సంస్థ నడుస్తోంది. ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో దొరకనిది ఏమిటో ఆ ఫోన్లు చూస్తే తెలుస్తుంది.

రెండో భయం పేరు పడటం. “యూదు జన్యువు” అని పత్రికలు రాయడం మొదలుపెట్టాక, రేపు ఇన్సూరెన్సు కంపెనీ మన పేరు చూసే ప్రీమియం పెంచితే ఏమిటన్న బెంగ పట్టుకుంది. యూదు మహిళల సంస్థ హదాసా జన్యు వివక్షకు వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పనిచేసింది. 2008లో అమెరికా చట్టం వచ్చింది. ఆరోగ్య బీమాకీ ఉద్యోగానికీ జన్యు పరీక్షను వాడకూడదంది, జీవిత బీమాను మాత్రం వదిలేసింది.

మూడో భయం మనకు బాగా తెలిసినదే. పెళ్ళి సంబంధాలు. ఆచారపరులైన యూదుల్లో పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళే ఎక్కువ. ఇంట్లో ఒకరికి లోపముందని తెలిస్తే చెల్లెళ్ళ సంబంధాలు కూడా తప్పిపోతాయని నోరు మెదపని కుటుంబాలున్నాయి. టే శాక్స్ అనే పసిపిల్లల జబ్బుకు నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న యూదు మతగురువు (రబ్బీ) జోసెఫ్ ఎక్స్టైన్ 1983లో బ్రూక్లిన్‌లో దోర్ యెషోరిమ్ అనే ఏర్పాటు చేశాడు. యువతీయువకుల రక్తం తీసుకుని పేరుకు బదులు ఒక అంకె ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు రెండు అంకెలూ చెబితే, ఈ జోడీ కుదురుతుందనో కుదరదనో జవాబిస్తారు. ఎవరికి ఏ లోపముందో ఎవరికీ తెలియదు. తెలివైన పద్ధతి. కానీ అది తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు ముప్పు తెచ్చే జబ్బులకే పనికొస్తుంది. బీఆర్‌సీఏ ఒక్కరి నుంచి వచ్చినా చాలు, అందుకే దాన్ని అంకె వెనక దాచలేరు.

ఈ మూడు భయాలకూ కొంతవరకు సరిపోయిన మందు మరోవైపు నుంచి వచ్చింది. లండన్‌లో భారత సంతతి డాక్టర్ రంజిత్ మాన్‌చందా బృందం వెయ్యి మందికి పైగా యూదులను చీటీ వేసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టులో కుటుంబ చరిత్ర ఉన్నవారికే పరీక్ష, రెండో జట్టులో అందరికీ. లోపమున్నవారిలో సగానికి పైగా కుటుంబ చరిత్ర కొలతకు అందనివాళ్ళేనని, అందరికీ పరీక్ష చేసినందువల్ల ఆందోళన పెరగలేదని 2015లో తేల్చారు. కౌన్సెలింగులో ముందుగా చెప్పాల్సిన పాఠమంతా వీడియోలో చూపించి, మనిషి సమయాన్ని ప్రశ్నలకు ఉంచినా వచ్చినవాళ్ళు అంతే తృప్తిగా ఉన్నారని ఇంకో పరిశీలనలో తేలింది. 2024లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్, తాతానాయనమ్మల్లో అమ్మమ్మాతాతల్లో ఒక్కరు యూదులైనా సరే, ఇంటికే ఉమ్మి గొట్టం పంపి ఉచితంగా పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టింది. అందరికీ చేసే పరీక్షలో ఎవరి ఇల్లూ ప్రత్యేకంగా బయటపడదు. నాకు తోచినంతలో అసలు గుణం అదే.

బాపులపాడు అమ్మాయి నవ్వుకున్న రెండో ప్రశ్నకు మళ్ళీ వద్దాం. దక్షిణ భారతంలో, ముఖ్యంగా చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షించిన కుటుంబాల్లో, పదేపదే కనిపించిన బీఆర్‌సీఏ1 లోపం ఏదో తెలుసా? ఆ 185డెల్‌ఏజీయే. యూదుల రక్తం ఎప్పుడో కలిసిందా అనే అనుమానం సహజం. ఆ లోపానికి అటూ ఇటూ ఉన్న డీఎన్‌ఏ గుర్తులను పోల్చి చూస్తారు. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉంటే ఆ ఇరుగుపొరుగు కూడా ఒకేలా ఉండాలి. ఒక భారతీయ కుటుంబంలో అవి యూదుల వాటితో కలవలేదని, అక్కడ ఏజీ విడిగా జారిపోయిందని 2007లో ప్రచురించారు. ఆ పరిశోధకుల్లో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ ఒకరు. ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లోనూ అలా విడిగా పుట్టిన ఉదాహరణ ఉంది. జారే చోటు ఎక్కడైనా జారుతుంది.

తెలుగునాట యూదులమని చెప్పుకునేవాళ్ళు లేకపోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. 1990ల మొదట్లో సినగాగు అనే ప్రార్థనామందిరం పెట్టుకున్నారు, హీబ్రూ ప్రార్థనలు చేస్తారు. తాము ఎఫ్రాయిమ్ గోత్రం వారమని వాళ్ళ విశ్వాసం. కానీ అమెరికా ఫారంలోని ప్రశ్న విశ్వాసం గురించి కాదు, తూర్పు ఐరోపాలో కుంచించుకుపోయిన ఆ 350 మంది గురించి. వాళ్ళతో కొత్తరెడ్డిపాలేనికి చుట్టరికం ఉందనడానికి ఆధారం లేదు.

మనలో మనమే పెళ్ళిళ్ళు చేసుకోవడంలో మనం యూదులకు తీసిపోం. 2017లో తంగరాజ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి దక్షిణాసియాలో 263 సమూహాల జన్యువులు చూస్తే, 81 సమూహాల్లో ఈ గుప్పెడు పూర్వీకుల ప్రభావం అష్కెనాజీల కన్నా ఎక్కువగా కనిపించింది. వాటిలో ఆర్యవైశ్యులూ ఉన్నారు. మత్తిచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే ఒక రకం మందును విరిచే ఎంజైము వారిలో కొందరికి ఉండదు. నిమిషాల్లో తేరుకోవలసిన మనిషి గంటల తరబడి ఊపిరి యంత్రం మీద ఉంటాడు. ఈ లోపం మిగతావారికన్నా వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లకు అది అనుభవంలో ఉంది, కొందరు కులం అడిగి మందు మారుస్తారు.

ఆ ప్రశ్న ఆపరేషన్ బల్ల దగ్గర ప్రాణం కాపాడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు అదే దారిలో వెళ్ళి “ఫలానా కులం లోపం” అని వెతకడం నాకు మాత్రం భయంగా ఉంది. యూదులకు మూడు లోపాలే ఎక్కువ కాబట్టి వాళ్ళకి చవకైన పరీక్ష కుదిరింది. మన దగ్గర ఇప్పటిదాకా దొరికినవి చెల్లాచెదురుగా ఉన్నాయి, ఏ కులానికీ అంటగట్టేలా లేవు. సంబంధాలు వెతికే వెబ్‌సైట్లలో గోత్రం పక్కన ఇంకో గడి రావడం తప్ప ప్రయోజనమేమీ ఉండదు.

మనకు సరిపడే దారి ఇంకోటి. ముందు జబ్బు వచ్చిన మనిషికే పరీక్ష. ఆమెలో లోపం దొరికితే, అదే చోటును మాత్రమే చూసే చిన్న పరీక్ష బంధువులకు చాలు. మన కథలో మేనత్త ఇప్పుడు బతికి లేదు. అప్పుడు రక్తం ఇవ్వాల్సింది అమెరికాలోని కూతురి కన్నా ముందు బాపులపాడులోని తండ్రి. “మగాణ్ణి, నాకెందుకు” అంటాడు. బీఆర్‌సీఏ2 లోపముంటే ఆయనకే ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని, ఆయనలో ఆ జన్యువులు బాగానే ఉన్నాయని తేలితే ఆ వైపు నుంచి కూతురికి వచ్చే బీఆర్‌సీఏ భయం తీరుతుందని చెబితే చెయ్యి చాపుతాడు.

కౌన్సెలర్ కాగితం మీద మగవాళ్ళు చతురస్రాలు, ఆడవాళ్ళు వృత్తాలు, జబ్బు పడ్డవాళ్ళకు నల్లరంగు, పోయినవాళ్ళ మీద అడ్డగీత. భార్యాభర్తల మధ్య ఒక గీత. మేనరికమైతే రెండు గీతలు. మన కుటుంబాల బొమ్మల్లో ఆ జంటగీతలు తగులుతూనే ఉంటాయి. మేనరికం వల్ల రొమ్ము క్యాన్సర్ లోపం పుట్టదు. కానీ ఒకే తాతగారి నుంచి బావకీ మరదలికీ బీఆర్‌సీఏ2 లోపం చేరి ఉంటే, వాళ్ళ బిడ్డకు రెండు ప్రతులూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దాని ఫలితం ఫాంకోనీ అనీమియాలో తీవ్రమైన రకం, పసితనంలోనే క్యాన్సర్లు తెస్తుంది.  మన దగ్గర ఈ సంగతి మొదట్లోనే చెప్పాలి, పెళ్ళి మాటలు మొదలయ్యే ముందు.

లోపం ఉందని తేలితే చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. పాతికేళ్ళ నుంచి ఏటా ఎంఆర్‌ఐ, ముప్ఫై దాటాక మామోగ్రామ్ కూడా. పిల్లలు పుట్టడం అయ్యాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 మధ్య, అండాశయాలు తీయించుకోవచ్చు. రొమ్ములు ముందే తీయిస్తే ఆ క్యాన్సర్ ముప్పు తొంభై శాతానికి పైగా తగ్గుతుంది. 2013లో హాలీవుడ్ నటి ఏంజలీనా జోలీ తన ఆపరేషన్ సంగతి రాశాక ప్రపంచమంతా దీని గురించి మాట్లాడింది. ఆ ఏడే అమెరికా సుప్రీంకోర్టు సహజ జన్యువుకు పేటెంటు చెల్లదని తీర్పివ్వడంతో పరీక్ష ధరలు దిగొచ్చాయి. మన దగ్గర 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యు జబ్బు అనే పేరుతో ఆరోగ్య బీమా ఎగ్గొట్టడం వివక్షేనంది.

మన ఊళ్ళలో “జెనెటిక్ కౌన్సెలింగ్” అన్న మాట కనిపించేది ఎక్కువగా స్కానింగ్ సెంటర్ల రిజిస్ట్రేషన్ కాగితాల్లోనే, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం పుణ్యమా అని. నిజంగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలంటే పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, బేగంపేటలోని ఉస్మానియా జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోటికి గానీ వెళ్ళాలి. గదిలోకి ఎవరు వెళ్ళాలన్నది ముందే అనుకోవాలి. అత్తగారు, ఆడపడుచు, భర్త అందరూ చుట్టూ ఉంటే ఆ అమ్మాయి అడగదలుచుకున్నది అడగలేదు. కొంతసేపైనా ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. అమెరికాలో ఉన్న పిల్ల వీడియోకాల్‌లో కలుస్తానంటే మంచిదే.

ఇంకో సంగతి, యూదు స్త్రీకన్నా తెలుగు స్త్రీకి ఎక్కువగా ఎదురయ్యేది. రిపోర్టులో లోపం ఉందనీ ఉండదు, లేదనీ ఉండదు. “ఒక మార్పు కనిపించింది, దాని అర్థం ఇంకా తేలలేదు” అని ఉంటుంది. ప్రపంచంలోని జన్యు సమాచార భాండాగారాలు ఐరోపా మూలాలవారి డీఎన్‌ఏతోనే ఎక్కువగా నిండాయి. మన మార్పుల్లో చాలా వాటికి పోల్చడానికి జోడీ దొరకదు. అలాంటి రిపోర్టును చూసి ఆపరేషన్ చేయించుకోకూడదు, బంధువులకు పరీక్షలూ మొదలుపెట్టకూడదు. ఇంటి చరిత్రను బట్టే జాగ్రత్తలు. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం తర్వాత తర్వాత హానిలేనివిగానే తేలుతున్నాయి, కొన్ని మాత్రం హాని వైపు మొగ్గుతున్నాయి. కాబట్టి ఆ కాగితాన్ని పారేయకుండా దస్తావేజులున్న బీరువాలో పెట్టుకుని, రెండు మూడేళ్ళకోసారి ల్యాబుకు ఫోన్ చేసి, దాని నంబరు చెప్పి, ఏమైనా మారిందా అని అడుగుతూ ఉండాలి.